వంగి పుచ్చుకునే తీర్థం

చెన్నకేశవులు మఠంలో చేరి మూడేళ్ళు దాటింది. ఈ మూడేళ్ళలో గురువుగారు అతని చేత ఒక్క కీలు కూడా పట్టించలేదు. అదీ అతని బాధ.

మార్కాపురం నుంచి నల్లమల వైపు వెళ్ళే దారిలో, కొండ మొదట్లో ఉండేది ఆ మఠం. పలకరాయి పరిచిన వసారా, దాని వెనక చిన్న నరసింహస్వామి గుడి, పక్కన రెండు గదులు. గురువు ఓబులయ్యస్వామికి డెబ్బై దాటాయి. పొద్దున పూజ చేసేవాడు. ఆ తర్వాత వసారాలో కూర్చుని బెణికిన చీలమండలు, పట్టేసిన మెడలు, జారిన భుజాలు సరిచేసేవాడు. ఎముక విరిగిందని అనుమానం వస్తే మాత్రం వేలు పెట్టేవాడు కాదు. కదలకుండా బద్దలు కట్టి, "ఇది నా పని కాదమ్మా, పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అని బండెక్కించేవాడు.

ఆ విద్య కోసమే కేశవులు ఊరొదిలి వచ్చాడు. వచ్చిన రోజే స్వామి అతని చేతిలో ఒక రాగి చెంబు, ఉద్ధరిణి పెట్టాడు.

"పూజ అయినాక వచ్చినోళ్ళందరికీ తీర్థం ఇవ్వు నాయనా. తొందరేం లేదు. చేతిని చూసి పోస్తా ఉండు."

చేతిని చూసి పోయడంలో ఏముంది? ఒలకబోయవద్దని చెబుతున్నాడనుకున్నాడు కేశవులు. మూడేళ్ళుగా ఒక్క చుక్క ఒలకకుండా పోస్తున్నాడు.

ఆ మఠంలో తీర్థం పుచ్చుకునే తీరే వేరు. అందరూ అయ్యాక చివర్లో స్వామి వచ్చేవాడు. మోచెయ్యి పొట్టకు ఆనించి, ఒళ్ళంతా కుడివైపుకు ఒరిగించి, తల వంచి తీర్థం పట్టేవాడు. ఎంత భక్తి లేకపోతే పెద్దమనిషి అలా ఒరుగుతాడు! ముందు కేశవులు నేర్చుకున్నాడు. అతన్ని చూసి పూలు తెచ్చే సుబ్బమ్మ నేర్చుకుంది. ఆమెను చూసి మిగతావాళ్ళు. ఇప్పుడు శనివారం నాడు ఆ వరస చూస్తే, గాలికి ఒరిగిన జొన్నచేను మాదిరి అందరూ కుడివైపుకే. ఎవరైనా కొత్తవాళ్ళు నిటారుగా నిలబడి చెయ్యి చాస్తే, పక్కవాళ్ళు మోచేత్తో పొడిచేవాళ్ళు.

"ఇక్కడ అట్టా కాదు. ఒరిగి పట్టు."

అది మఠం మర్యాద అయిపోయింది. స్వామి అవునని గానీ కాదని గానీ ఎప్పుడూ అనలేదు.

విద్య చేతికి అందకపోయేసరికి కేశవులు దాన్ని నోటికి నేర్చుకోవడం మొదలుపెట్టాడు. బడిపిల్లల సైన్సు పుస్తకం ఒకటి సంపాదించాడు. బంతిగిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు. ఏ కీలు ఎటు కదులుతుందో గడగడా అప్పజెప్పేవాడు. వసారాలో వంతు కోసం కూర్చున్నవాళ్ళు పాపం ఎక్కడికి పోతారు? మెడ పట్టేసి వచ్చిన ఒక పెద్దాయనకు, మెడ బొంగరంలా ఎలా తిరుగుతుందో తన మెడ తిప్పి మరీ చూపించాడు. ఆయన తల ఊపలేక కళ్ళతోనే ఊఁ కొట్టాడు.

ఒకరోజు ఇక ఉండబట్టలేక స్వామి దగ్గరికే వెళ్ళాడు.

"సామీ, ఒంట్లో కీళ్ళన్నీ, వాటి కదలికలన్నీ నాకు వచ్చేసినాయి. కావాలంటే అడగండి."

స్వామి పొయ్యి ముందు కూర్చుని నువ్వులనూనె కాస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"భుజం?"

"బంతిగిన్నె కీలు. ముందుకూ వెనక్కూ పోతుంది, పక్కకు లేస్తుంది, గుండ్రంగా తిరుగుతుంది. తుంటి కూడా ఆ జాతే, కానీ అంత దూరం పోదు."

"మెడ?"

"బొంగరపు కీలు. అటూ ఇటూ తిరుగుతుంది."

"మణికట్టు?"

"అక్కడ చిన్న చిన్న ఎముకలు ఒకదాని మీద ఒకటి జారతాయి సామీ. జారెడు కీలు."

"మోచెయ్యి?"

కేశవులుకు నవ్వొచ్చింది. ఇంత తేలికైనది అడుగుతాడనుకోలేదు.

"మడతబందు సామీ. మన తలుపు బందు మాదిరి. మడుస్తాం, చాస్తాం. రెండే కదలికలు."

"రెండేనా?"

"రెండే."

స్వామి నూనెగిన్నె దించి పక్కన పెట్టాడు. "సరే. తీర్థానికి జనం వచ్చినట్టున్నారు. పోయి ఇవ్వు."

కేశవులు మొహం మాడిపోయింది. అన్నీ సరిగ్గా చెప్పినా ఫలితం ఇదీ. ఆ పూట ఉద్ధరిణితో తీర్థం పోశాడే గానీ, ఒక్కళ్ళ మొహం కూడా చూడలేదు. చేతుల సంగతి సరేసరి.

ఆ తర్వాత వచ్చిన శనివారం జరిగింది ఈ సంగతి.

శనివారం పూట అక్కడ తీర్థానికి బదులు పానకం ఇచ్చేవాళ్ళు. అందుకని పిల్లలు కూడా వచ్చేవాళ్ళు. కాశమ్మ ప్రతి శనివారం తన రెండేళ్ళ కూతురు నాంచారిని తీసుకుని వచ్చేది. ఆమె భర్త పలకల కార్ఖానాలో రాయి కోసే పని చేస్తాడు. నాంచారికి దేవుడి మీద భక్తి ఉందో లేదో గానీ, పానకం మీద మాత్రం బోలెడంత ఉంది.

మఠం ముందు మూడు మెట్లు ఉన్నాయి. రెండేళ్ళ పిల్ల ఎక్కడానికి అవి బాగా ఎత్తు. కాశమ్మ చంకలో టెంకాయల బుట్ట ఉంది. ఒక చేత్తో నాంచారి ఎడమచెయ్యి పట్టుకుని నిలబడింది. కేశవులు ఎదురెళ్ళి పిల్ల కుడిచెయ్యి అందుకున్నాడు.

"ఎగురుదామా నాంచారమ్మా? ఒకటీ..."

మొదటి మెట్టు. పిల్ల కిలకిలా నవ్వింది. రెండో మెట్టు. ఇంకా నవ్వింది. మూడో మెట్టు దగ్గర బుట్ట జారబోయింది. కాశమ్మ బుట్ట పట్టుకోబోయి పిల్ల చెయ్యి వదిలింది. పిల్ల బరువంతా కేశవులు చేతి మీదికి వచ్చింది. అతను ఆగకుండా ఒక్క గుంజు గుంజి పైకి లాగేశాడు.

నాంచారి కెవ్వుమంది.

కింద నిలబెట్టారు. కుడిచెయ్యి కొంచెం మడిచి పొట్టకు ఆనించుకుంది. అరచెయ్యి లోపలికి తిరిగి ఉంది. ఇక ఆ చేతిని కదపలేదు. పువ్వు చూపించినా ఎడమచెయ్యే చాచింది.

"అయ్యో, నేనే చెయ్యి వదిలినా," అని కాశమ్మ గొల్లుమంది. "బుట్ట చూసుకుని బిడ్డను వదిలేసినా. మా అత్తకు నేనేం చెప్పేది? బిడ్డ చెయ్యి ఎత్తడంలా, చూడన్నా!"

కేశవులు పిల్ల చేతి వైపు చూశాడు. లాగింది తనే. తన చేతికి తెలుసు. వసారాలో అప్పటికే పదిమంది పోగయ్యారు. అందరూ కాశమ్మ వైపే చూస్తున్నారు. ఎవరో "కొంచెం చూసుకోవద్దా తల్లీ" అని కూడా అన్నారు. అతను ఆ మాట విని ఊరుకున్నాడు.

తర్వాత గబగబా ఆలోచించాడు. చెయ్యి పైకి లేవడం లేదు. అంటే భుజం. బంతి గిన్నెలోంచి జారింది. జారిన భుజాన్ని స్వామి లాగి కూర్చోబెట్టడం ఎన్నిసార్లు చూశాడు! స్వామి పూజలో ఉన్నాడు. ఆయన వచ్చేలోగా తనే సరిచేస్తే తప్పు తప్పు కాకుండా పోతుంది. విద్య కూడా రుజువవుతుంది. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ చిన్న మణికట్టు పట్టుకున్నాడు. పిల్ల గుక్కపట్టింది.

"కేశవా."

గుడి గడపలో స్వామి నిలబడి ఉన్నాడు. గొంతు పెంచలేదు. కేశవులు చేతి పట్టు దానంతట అదే వదులైంది.

స్వామి వచ్చి పిల్ల ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఒక్క వేలితో పిల్ల మెడ పక్క ఎముక తడిమాడు. భుజం తడిమాడు. మణికట్టు తడిమాడు. ఏడుపు పెరగలేదు, తగ్గలేదు. మోచేతి దగ్గరికి వచ్చేసరికి పిల్ల ముడుచుకుంది. వాపు ఉందేమోనని చూశాడు. లేదు.

"పానకం ఇచ్చినావా?" అన్నాడు శిష్యుడితో.

"సామీ, బిడ్డ చెయ్యి..."

"పానకం ఇచ్చినావా అని అడిగినా."

"లేదు సామీ."

"పట్టుకురా."

బిడ్డ చెయ్యి కదలక ఉంటే ఈయనకు పానకం గొడవేమిటి? కేశవులు చెంబు తెచ్చాడు. చెంబు చూడగానే నాంచారి ఏడుపు సగానికి దిగింది. ఎక్కిళ్ళు పెడుతూనే ఎడమచెయ్యి చాచింది.

"ఎడమచేత్తో తీర్థం పుచ్చుకుంటారా తల్లీ?" అన్నాడు స్వామి నవ్వుతూ.

కుడి అరచేతిలో పిల్ల మోచెయ్యిని ఆనించుకున్నాడు. బొటనవేలు మోచేతి బయటివైపు ఆనింది. ఎడమచేత్తో పిల్ల చెయ్యి పట్టుకుని, లోపలికి తిరిగి ఉన్న ఆ చిన్న అరచేతిని మెల్లగా పైకి తిప్పాడు, తీర్థానికి అందరం తిప్పినట్టే.

"పొయ్."

కేశవులు పోశాడు. సగం చేతిలో, సగం నేల మీద. మూడేళ్ళలో మొదటిసారి ఒలకబోశాడు. స్వామి పిల్ల చేతిని అలాగే మడిచి నోటిదాకా తీసుకుపోయాడు. పిల్ల ఒక్కసారి కెవ్వుమంది. బొటనవేలి కింద ఏదో సర్దుకున్నట్టు, స్వామి కనుబొమ్మ ఒకటి చిన్నగా లేచి దిగింది. అంతే. చెయ్యి వదిలేశాడు.

"ఇంక అందరూ నోరు మూసుకుని కూర్చోండి. బిడ్డను ఎవరూ కదిలించొద్దు."

కూర్చున్నారు. కాశమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కేశవులు చెంబు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. ఒలికిన పానకానికి ఒక చీమ వచ్చింది. తర్వాత ఇంకొకటి వచ్చింది. అతను వాటినే చూస్తున్నాడు. ఆ పిల్ల చెయ్యి వైపు చూసే ధైర్యం లేదు. స్వామీ నరసింహా, ఈ బిడ్డ చెయ్యి లేవనీ, ఇక ఈ జన్మలో ఎవరి కీలూ ముట్టుకోను అనుకున్నాడు.

నాంచారి ఎక్కిళ్ళు ఒకటొకటిగా తగ్గాయి. పెదవుల మీద తీపి నాకింది. చెంబు వైపు చూసింది. అమ్మ వైపు చూసింది. మళ్ళీ చెంబు వైపు చూసింది. ఉన్నట్టుండి కుడిచెయ్యి చాచి, అరచెయ్యి పైకి తిప్పి, పుడిసిలి పట్టింది.

"ఇంకా."

కేశవులుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పోశాడు. తాగింది. "ఇంకా" అంది. మళ్ళీ పోశాడు. నాలుగుసార్లు పోశాడు. ప్రతిసారీ ఆ చెయ్యి తిరిగింది, ముడుచుకుంది, నోటికి వెళ్ళింది, మళ్ళీ చాచుకుంది. అంత అందమైనది అతను ఎప్పుడూ చూడలేదు. కాశమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. వసారాలో పదిమందీ ఒక్కసారే ఊపిరి వదిలారు. సుబ్బమ్మ అయితే పూలబుట్ట మొత్తం తెచ్చి పిల్ల నెత్తిన బోర్లించింది.

ఆ సంతోషంలో కేశవులు నోరు విప్పాడు.

"అమ్మా కాశమ్మా. నువ్వు వదలబట్టి కాదు. నేను లాగినా. నువ్వు వదిలినాక నేను ఆగి ఉండాల్సింది. ఆగలా. చెయ్యి పట్టుకుని గుంజేసినా."

కాశమ్మ అతని మొహం వైపు చూసింది. కోపం వచ్చింది, నిలవలేదు.

"ఆ మాట ఇందాక అనుంటే నేను అంత ఏడవకపోదును గదన్నా," అంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పోనీలే. నా బిడ్డ చెయ్యి లేచింది. నాకది చాలు."

స్వామి ఆమెతో, "ఈ వయసు పిల్లల్ని చెయ్యి పట్టుకుని ఎత్తగూడదమ్మా. చంకల కింద పట్టుకుని ఎత్తాల. సాయంత్రం లోపల మళ్ళీ చెయ్యి ఆడించడం మానేస్తే ఆలోచించొద్దు, డాక్టరు దగ్గరికి పో," అని చెప్పి పంపించాడు. నాంచారి మెట్లు దిగేటప్పుడు కుడిచెయ్యి ఊపుతూ వెళ్ళింది.

వసారా ఖాళీ అయ్యాక కేశవులు స్వామి ముందు నిలబడ్డాడు.

"నేను పనికిరాను సామీ. పొమ్మంటే పోతాను."

"పో," అన్నాడు స్వామి.

కేశవులు వంగి స్వామి కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు.

"పోయి చెంబు కడుగు. చీమలు పడుతున్నాయి."

బావి దగ్గర చెంబు తోముతూ తోముతూ ఆగాడు. ఎడమచేత్తో తన కుడి మోచెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలు బయటివైపు ఆనించి, తీర్థానికి చాచినట్టు అరచెయ్యి పైకి తిప్పాడు. బొటనవేలి కింద ఒక చిన్న ఎముక బొంగరంలా తిరిగింది. బోర్లా తిప్పాడు. వెనక్కి తిరిగింది. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. ఇరవైరెండేళ్ళుగా తనతోనే ఉన్న మోచెయ్యి! దానికి రెండే కదలికలన్నాడు తను. ఒక్కడే పకపకా నవ్వాడు. నీళ్ళు తోడుకోవడానికి వచ్చిన ముసలమ్మ ఒకామె భయపడి వెనక్కి వెళ్ళింది.

మర్నాడు పొద్దున తీర్థం ఇవ్వడం ఆలస్యమైంది. ఇచ్చేవాడు చేతులు చూస్తున్నాడు మరి. లారీ తోలే ఆయన బొటనవేలు పూర్తిగా వెనక్కి పోదు. బడి పంతులుగారి భుజం ఒకటి ఇంకోదానికంటే తక్కువ లేస్తుంది. సుబ్బమ్మ మణికట్టు పట్టేసింది, పాపం, పూలు కట్టీ కట్టీ. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందో! ఈ చేతుల్లోనే గదా మూడేళ్ళుగా తను పోస్తున్నది.

చివర్లో స్వామి వచ్చాడు. ఎప్పటిలాగే మోచెయ్యి పొట్టకు ఆనించి, కుడివైపుకు ఒరిగి, చెయ్యి పట్టాడు.

కేశవులు ఉద్ధరిణి ఎత్తాడు. పోయలేదు.

స్వామి అరచెయ్యి సగం వరకే తిరిగింది. అక్కడ ఆగిపోయింది. మిగతా సగం భుజం తిప్పింది, నడుము తిప్పింది, ఒరిగిన ఒళ్ళు తిప్పింది.

"సామీ... మీ మోచెయ్యి తిరగదా?"

"తిరగదు."

"ఎప్పటి నుంచి?"

"ఐదేళ్ళ పిల్లోణ్ణి అప్పుడు. చింతచెట్టు మీంచి పడినా. చెయ్యి లేవడంలా అని ఒకాయన లాగి సరిచేసినాడు."

"ఎవరు సామీ ఆయన?"

"మంచోడే," అన్నాడు స్వామి. "అన్నీ తెలిసినోడు."

కేశవులు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెల్లగా, చేతిని చూస్తూ, పోశాడు. స్వామి తాగి తడిచెయ్యి తలకు రాసుకున్నాడు.

"ఇవాళ వసారాలో నా పక్కన కూర్చో నాయనా. సుబ్బమ్మ మణికట్టు చూద్దాం."

అని గడప వైపు నడిచాడు. కేశవులు చెంబు పక్కన పెట్టబోయాడు. అప్పుడు తన తీర్థం తను పుచ్చుకోలేదని గుర్తొచ్చింది. ఎడమచేత్తో ఉద్ధరిణి పట్టుకుని, మూడేళ్ళ అలవాటు ప్రకారం మోచెయ్యి పొట్టకు ఆనించి, కుడివైపుకు ఒరిగాడు.

గడప దగ్గర స్వామి వెనక్కి తిరిగాడు.

"కేశవా, నీ చెయ్యి బాగానే ఉంది గదా. నిటారుగా నిలబడి పుచ్చుకో."